పద్నాలుగేళ్ళకి దొంగ, డెబ్బయ్యేళ్ళకి తాత

మన దగ్గర రెండు సామెతలున్నాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదు అని ఒకటి, మొక్కై వంగనిది మానై వంగునా అని ఇంకోటి. ఇవి ఎవరి మీద వాడతారో గమనించండి. సెల్ ఫోన్ కొట్టేసి దొరికిన కుర్రాడి మీద, కాలేజీ గొడవలో ఎవడి తలో పగలగొట్టినోడి మీద, పదో తరగతిలోనే బైకులు ఎత్తుకుపోయే బ్యాచ్ తో తిరిగేవాడి మీద. ఇక వాడి పని అయిపోయింది, వీడు ఇంతే అని తీర్పు ఇచ్చేస్తారు, అదీ వాళ్ళ అమ్మ వింటుండగానే. నాకు ఈ మాటలంటే చాలా కోపం. నేను పాలిటెక్నిక్ లో పాఠాలు చెప్తాను, ఏటా పదహారు నుంచి ఇరవై ఏళ్ళ మధ్య పిల్లల్ని చూస్తుంటాను, వాళ్ళలో కేసులున్నవాళ్ళూ ఉంటారు, తర్వాత ఏమయ్యారో కూడా కొంత తెలుస్తుంటుంది. కానీ నా కోపానికి కారణం నేను చూసింది మాత్రమే కాదు. చిన్నప్పుడు నేరం చేసినోడు పెద్దయ్యాక ఏమవుతాడు అన్న ప్రశ్నకి దాదాపు అరవై ఏళ్ళ పాటు మనుషుల వెంట నడిచి జవాబు తెచ్చిన పరిశోధన ఒకటుంది, దాని గురించి మన భాషలో ఎవరూ పెద్దగా రాసినట్టు నాకు కనపడలేదు, అందుకే ఈ పోస్టు.

అమెరికాలో బోస్టన్ నగరం. షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ అని భార్యాభర్తలు, ఇద్దరూ హార్వర్డ్ లా స్కూల్ లో నేరాల మీద పనిచేసేవాళ్ళు (ఆయన ప్రొఫెసర్, ఆవిడ మాత్రం అంత పనీ చేసి కూడా చివరిదాకా రీసెర్చ్ అసిస్టెంట్ లాంటి హోదాలోనే ఉండిపోయింది, ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది). 1940 ప్రాంతంలో వీళ్ళు బాల నేరస్తుల్ని పెట్టే రిఫార్మ్ స్కూళ్ళ నుంచి 500 మంది మగపిల్లల్ని తీసుకున్నారు, పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ లోపు వాళ్ళు. అలాంటి పేద వాడల్లోనే పెరుగుతూ ఏ కేసూ లేని ఇంకో 500 మందిని బోస్టన్ స్కూళ్ళ నుంచి తీసుకున్నారు. ఒక్కొక్క కుర్రాడికీ అదే వయసు, అలాంటి వాడ, అదే జాతి మూలం, దగ్గర దగ్గర అదే ఐక్యూ ఉన్న జోడీని వెతికి మరీ పెట్టారు. ఇళ్ళకి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడారు, టీచర్లని అడిగారు, డాక్టర్లతో పరీక్షలు చేయించారు, కోర్టు కాగితాలు, ధర్మసంస్థల కాగితాలు అన్నీ తెప్పించారు. మళ్ళీ వాళ్ళకి పాతికేళ్ళు వచ్చినప్పుడు ఒకసారి, ముప్పై రెండేళ్ళప్పుడు ఇంకోసారి వెతికి పట్టుకున్నారు. కంప్యూటర్ లేని రోజుల్లో, ఇల్లు మారితే అడ్రస్ దొరకని రోజుల్లో.

1950లో వాళ్ళ పుస్తకం వచ్చింది. ఇంట్లో ఏం జరుగుతోంది అన్నదే అసలు విషయం అన్నారు, తండ్రి కొట్టే తీరు, తల్లి కనిపెట్టుకుని ఉందా లేదా, ఇంట్లో ప్రేమ ఉందా, ఒకరికొకరు ఉన్నారా లేదా ఎవడి గోల వాడిదేనా. ఇంతవరకు బాగానే ఉంది, ఇప్పటికీ చాలావరకు నిలబడే మాటే. కానీ అక్కడ ఆగలేదు, ఆరేళ్ళ పిల్లాడిని చూసి పెద్దయ్యాక నేరస్తుడవుతాడా లేదా చెప్పే పట్టిక ఒకటి తయారు చేశారు. న్యూయార్క్ లో దాన్ని పిల్లల మీద పరీక్షించి కూడా చూశారు. చదువుకున్నోళ్ళు, సైన్స్ మీద గౌరవం ఉన్నోళ్ళు కూడా తిరిగి తిరిగి మన సామెత దగ్గరికే వచ్చారన్నమాట.

తర్వాత ఎలినార్ 1972లో పోయింది, షెల్డన్ 1980లో పోయాడు, ఆ కాగితాలన్నీ అట్టపెట్టెల్లో పెట్టి లా స్కూల్ లైబ్రరీ నేలమాళిగలో పడేశారు. 1980ల మధ్యలో జాన్ లాబ్, రాబర్ట్ శాంప్సన్ అని ఇద్దరు కుర్ర పరిశోధకులకి అవి దొరికాయి. దుమ్ము కొట్టుకుపోయిన పంచ్ కార్డులు, చేతిరాత నోట్సు. వాటిని కంప్యూటర్ లోకి ఎక్కించి ఒక దారికి తేవడానికే ఏళ్ళు పట్టింది. 1993లో మొదటి పుస్తకం వేశారు. అక్కడితో ఊరుకోకుండా, ఆ 500 మంది రిఫార్మ్ స్కూల్ పిల్లలు ఇప్పుడెక్కడున్నారు అని బయల్దేరారు. అప్పటికి వాళ్ళకి డెబ్బై దగ్గర పడుతోంది. మొత్తం 500 మంది నేర రికార్డులూ మరణ రికార్డులూ వెతికారు, 52 మందిని నేరుగా కలిసి కూర్చుని మాట్లాడారు. ఏడేళ్ళ వయసు నుంచి డెబ్బై దాకా ఒకే మనుషుల జీవితం. నేరాల మీద ఇంత పొడుగు లెక్క చాలా అరుదు.

అందులో తేలిందేంటంటే, దాదాపు అందరూ మానేశారు. అందరూ ఒకే వయసులో కాదు. కొందరు పందొమ్మిదికి, కొందరు ముప్పైకి, కొందరు నలభై దాటాక, బాగా మొండివాళ్ళు యాభైల దాకా లాగి. కానీ గీత చివరికి కిందకే దిగింది. చిన్నప్పుడు అందరికన్నా ఘోరంగా ఉన్నవాళ్ళని విడిగా తీసి చూసినా అంతే. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ 500 మందిలో ఎవడు పాతికేళ్ళకి మానేస్తాడు ఎవడు యాభై దాకా లాగుతాడు అన్నది వాళ్ళ చిన్ననాటి ఫైలు చూసి చెప్పడం కుదరలేదు. తాగుబోతు తండ్రి ఇద్దరికీ ఉన్నాడు, బెల్టు దెబ్బలు ఇద్దరూ తిన్నారు, బడి ఎగ్గొట్టడం ఇద్దరిదీ ఒకటే, ఒకడు ముప్పైకి లారీ తోలుకుంటూ పిల్లల్ని బడికి పంపుతున్నాడు, ఇంకొకడు అప్పటికీ జైలుకి వెళ్ళొస్తూనే ఉన్నాడు.

మరి జైల్లో ఉన్నోడిని ఎవడిని కదిపినా చిన్నప్పటి కథ అలాగే ఉంటుంది కదా అంటారా, నిజమే, ఉంటుంది. ఇక్కడే అందరూ తడబడతారు కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను. 1966లో లీ రాబిన్స్ అనే ఆవిడ సెయింట్ లూయిస్ నగరంలో చిన్నప్పుడు పిల్లల మానసిక క్లినిక్ కి వచ్చినవాళ్ళని ముప్పై ఏళ్ళ తర్వాత వెతికి చూసింది. పెద్దయ్యాక సంఘానికి అడ్డం తిరిగినవాళ్ళని తీసుకుని వెనక్కి చూస్తే దాదాపు ప్రతివాడి చిన్నతనమూ గొడవగానే ఉంది. కానీ గొడవ పిల్లల్ని తీసుకుని ముందుకి చూస్తే వాళ్ళలో ఎక్కువమంది అలా అవ్వలేదు. పోలీసాయన, జైలరు, క్రైమ్ రిపోర్టర్ రోజూ చూసేది మొదటి లెక్కనే, మానేసి ఇంట్లో కూర్చున్నోడు వాళ్ళకి కనపడడు, కనపడాల్సిన అవసరమూ లేదు. అందుకే వాళ్ళకి మా సర్వీసులో ఎంతమందిని చూశాం, వీళ్ళు మారరు అనిపిస్తుంది. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళే అలాంటివాళ్ళు.

ఫిలడెల్ఫియా లెక్క కూడా ఇలాగే మనుషుల బుర్ర చెడగొట్టింది. 1945లో పుట్టి ఆ ఊళ్ళోనే పెరిగిన 9,945 మంది మగపిల్లల రికార్డులు తీస్తే మూడో వంతు పైన మందికి పద్దెనిమిది లోపు ఏదో ఒకసారి పోలీసుల దాకా వెళ్ళిన చరిత్ర ఉంది. ఆ 9,945 మందిలో 627 మంది, అంటే నూటికి ఆరుగురు చిల్లర, మొత్తం నేరాల్లో సగానికి పైగా చేశారు. 1972లో ఇది బయటికి రాగానే, అయితే ఆ ఆరుగురినీ ముందే పట్టుకుని లోపలేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన చాలామందికి వచ్చింది. కానీ ఆ ఆరుగురు ఎవరో లెక్క అంతా అయ్యాకే తెలుస్తుంది. మొదటిసారి స్టేషన్ కి వచ్చిన రోజు మిగతావాళ్ళకీ వీళ్ళకీ ముఖం మీద తేడా ఏం రాసుండదు. నాకు ఎక్కువ ముఖ్యం అనిపించేది రెండో అంకె కాదు, ఆ మూడో వంతు. అంత పెద్ద ఊళ్ళో మగపిల్లల్లో ప్రతి ముగ్గురికీ ఒకడికి పైగా ఏదో ఒక గొడవతో పోలీసుల దాకా వెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది ఒకటి రెండుసార్లతో ఆపేశారు కూడా.

ఎందుకు ఆ వయసులోనే అంటే టెర్రీ మాఫిట్ అనే ఆవిడ 1993లో చెప్పిన మాట నాకు మా పిల్లల్ని చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. న్యూజిలాండ్ లో డనెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని ఇప్పటికీ వెంటాడుతున్న పరిశోధనలో ఆవిడ పనిచేసింది. ఒళ్ళు పెద్దోడిదైపోతుంది, కానీ చేతిలో డబ్బుండదు, మాటకి విలువ ఉండదు, ఏదడిగినా నీకేం తెలుసు అంటారు, ఆ ఖాళీ ఏళ్ళలో పెద్దరికం చూపించుకోవడానికి దొరికే దారి ఇదొక్కటే అనిపిస్తుంది, ఉద్యోగం ఇల్లు వచ్చాక దాని అవసరం పోతుంది, చాలామంది మానేస్తారు. చిన్నప్పటి నుంచీ మొదలై జీవితమంతా కొనసాగేవాళ్ళు ఒక చిన్న గుంపు విడిగా ఉంటారు అని కూడా ఆవిడ అంది. దీంతో లాబ్, శాంప్సన్ ఒప్పుకోలేదు, గుంపులుగా ముందే గీత గీసెయ్యొద్దు, మా వాళ్ళని డెబ్బై దాకా చూశాం, ఆ చిన్న గుంపు అనుకున్నవాళ్ళూ ఆగారు అన్నారు. ఈ వాదన ఇంకా తెగలేదు, నేను మాత్రం బోస్టన్ వైపే.

సరే, ఏది ఆపింది మరి? ఉపదేశాలు కాదు, జైల్లో ధ్యానం క్లాసులూ కాదు. చెప్పుకోడానికి చప్పగా ఉండే సంగతులు. రోజూ వెళ్ళాల్సిన పని, ఇంట్లో ఎదురుచూసే మనిషి, పాత వాడ నుంచి దూరం, మిలిటరీ. పొద్దున్న షిఫ్టు ఉంటే రాత్రి రెండింటిదాకా సందు చివర కూర్చోలేవు. జీతం ఇచ్చే ఓనరు మంచోడైతే వాడి ముందు పరువు పోతుందన్న భయం వస్తుంది. ఆ ముసలాళ్ళ మాటల నుంచి లాబ్, శాంప్సన్ తేల్చిన సంగతి నాకు బాగా నచ్చింది, వాళ్ళలో చాలామంది ఒక రోజు కూర్చుని ఇక నేను మారతాను అని నిర్ణయం తీసుకోలేదు. పనిలో పడ్డారు, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఒక రోజు చూసుకుంటే పాత బతుక్కి తిరిగి వెళ్తే పోగొట్టుకునేది చాలా పోగయ్యి ఉంది.

పెళ్ళి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన పెద్దాళ్ళు ఇది వినగానే చూశావా మేము ఎప్పుడూ చెప్పేదే, పెళ్ళి చేస్తే వాడే దారికొస్తాడు అంటారు. 2006లో వీళ్ళు వేసిన లెక్కలో ఒకే మనిషి పెళ్ళి బంధంలో ఉన్న కాలంలో నేరం చేసే అవకాశం, అదే మనిషి పెళ్ళి లేని కాలంతో పోలిస్తే సుమారు 35 శాతం తగ్గింది. తక్కువేం కాదు. కానీ తాళి కట్టడం ఒక్కటే చాలదు, ఆ ఇద్దరి మధ్య ఉన్న బంధం గట్టిదా కాదా అన్నదే ముఖ్యం అని 1993 పుస్తకంలో వీళ్ళే చెప్పారు, అదీ అప్పటి బోస్టన్ లో. చివరిదాకా నేరాలు మానని వాళ్ళ కథల్లో తాగుడు, పెళ్ళాన్ని కొట్టడం కూడా ఉన్నాయి. ఎవరో ఇంటి ఆడపిల్లని తెచ్చి మీ వాడికి మందులా వాడటానికి ఈ అంకెని వాడుకోకండి దయచేసి. ఆ పిల్ల నరకం ఏ లెక్కలోనూ ఎక్కదు.

ఇక మిలిటరీ. ఈ పిల్లలు 1924 నుంచి 1932 మధ్య పుట్టినవాళ్ళు కాబట్టి చాలామంది రెండో ప్రపంచ యుద్ధం నాటికో కొరియా యుద్ధం నాటికో సైన్యంలోకి వెళ్ళారు. రిఫార్మ్ స్కూల్ లో ఉండొచ్చినా తీసుకున్నారు. అందరికీ కలిసిరాలేదు, సైన్యంలోనూ గొడవలు పెట్టుకుని చెడ్డపేరుతో బయటికి వచ్చినవాళ్ళున్నారు. కానీ విదేశాలకి పోస్టింగ్ మీద వెళ్ళొచ్చినవాళ్ళు, తిరిగొచ్చాక, మాజీ సైనికుల కోసం 1944లో తెచ్చిన జీఐ బిల్లు అనే చట్టం కింద ప్రభుత్వ ఖర్చుతో ట్రైనింగో చదువో అందుకున్నవాళ్ళు, తర్వాత జీవితంలో బాగా నిలదొక్కుకున్నారు, ఆ జీఐ బిల్లు అయితే కేసు లేని జోడీ పిల్లలకన్నా ఈ కేసు పిల్లలకే ఎక్కువ లాభం చేసింది. తన పేరు చెప్పగానే వీడు ఫలానా దొంగోడు అనే ఊరి నుంచి, ఎవరికీ ఏమీ తెలియని చోటికి వెళ్ళడం. 1993 పుస్తకంలో ఇంకో పక్క చూస్తే, చిన్న వయసులో ఎక్కువ కాలం లోపల ఉంచిన కొద్దీ తర్వాత ఉద్యోగం నిలబడలేదు, ఉద్యోగం నిలబడక మళ్ళీ నేరం. శిక్షే నేరానికి ఇలా దారి వేసింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. పాత కేసున్నా పనిలోకి తీసుకోవడం అనే ఏ తలుపు బోస్టన్ కుర్రాళ్ళని బతికించిందో సరిగ్గా ఆ తలుపు మన దగ్గర మూసుకుపోతోంది. మా దగ్గర చదివిన పిల్లాడు ఒకడు, పద్దెనిమిది నిండిన కొత్తలో పండగ ఊరేగింపులో డీజే దగ్గర జరిగిన కొట్లాటలో అందరితో పాటు వాడి పేరు కూడా ఎఫ్ఐఆర్ లోకి ఎక్కింది. ఎవరో చెప్పారు, ఒప్పేసుకో, ఫైన్ కట్టేస్తే ఇవాళే పోతుంది, లేకపోతే ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరగాలి అని. ఒప్పేసుకున్నాడు. తర్వాత చక్కగా చదివి, రన్నింగ్ చేసి, కానిస్టేబుల్ కి అన్ని పరీక్షలూ పాసై, వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయాడు. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి సారూ మీరొక ఉత్తరం ముక్క రాసిస్తే వింటారేమో అంటే నేను రాసిచ్చాను, అది పనిచెయ్యదని తెలిసి కూడా. ఇప్పుడు వాడు వేరే పనిలో బాగానే ఉన్నాడు, చెడిపోలేదు, కానీ అందరికీ ఆ ఓపిక ఉండదు.

రౌడీ షీట్ ఇంకో రకం. ఒకసారి తెరిచారంటే వినాయక నిమజ్జనానికి ముందు, ఎన్నికలకి ముందు స్టేషన్ కి పిలుపు, కౌన్సెలింగ్ పేరుతో వరసలో నిలబెట్టి ఫొటోలు, తహసీల్దార్ దగ్గర బైండోవర్, అంటే గొడవ చెయ్యనని పూచీ రాయించుకోవడం. నిజంగా జనాన్ని పీడించేవాళ్ళ మీద నిఘా ఉండాలి, దానికి నేను వ్యతిరేకం కాదు, వాళ్ళ చేతిలో దెబ్బతిన్న కుటుంబాలు కూడా నాకు తెలుసు. కానీ పదేళ్ళుగా ఆటో నడుపుకుంటూ పిల్లల ఫీజులు కట్టుకుంటున్నోడిని మళ్ళీ మళ్ళీ పాత స్నేహితుల పక్కనే నిలబెట్టి నువ్వు రౌడీవి అని గుర్తు చేస్తే, ఏ పాత వాడ నుంచి వాడు కష్టపడి బయటపడ్డాడో అక్కడికే మనం చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నట్టు.

ఈ ఆలోచన ఎంత దూరం పోగలదో మన నేల మీదే చూశాం. 1871లో తెల్లోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేశారు. అందులో మనిషి నేరం చెయ్యక్కర్లేదు, నేరస్తులని సర్కారు ముద్ర వేసిన కులంలో పుడితే చాలు. ఎరుకల వాళ్ళని తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, నెల్లూరు వైపు కప్పరాళ్ళతిప్పలో సెటిల్మెంట్లలో పెట్టారు, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పుట్టిన పిల్లాడి జీవితం ఏమవుతుందో ముందే రాసేసిన చట్టం అది. 1952లో రద్దయింది, అయినా స్టూవర్టుపురం అనగానే ఇప్పటికీ జనం మొహాల్లో ఏం కనపడుతుందో మీకు తెలుసు. అక్కడ 1970ల్లో జాషువా గారి అమ్మాయి హేమలత గారు, గోరా గారి అబ్బాయి లవణం గారు వెళ్ళి ఆ కుటుంబాలతో కూర్చున్నారు. వాళ్ళు పట్టుకున్నది కూడా ఇదే, బతకడానికి భూమి, పని, పిల్లలకి చదువు, పోలీసుల వెంటపడటం నుంచి ఊపిరి. బోస్టన్ పెట్టెలు ఎవరూ తెరవకముందే వాళ్ళకి ఈ సంగతి అర్థమైంది.

చట్టం అసలు అంత గుడ్డిదేం కాదు, అమలే గుడ్డిది. 2011లో సుప్రీం కోర్టు, ఢిల్లీ పోలీసులో హెడ్ కానిస్టేబుల్ గా సెలెక్ట్ అయినవాడిని పాత కొట్లాట కేసు దాచాడని తీసుకోకపోతే, కుర్రతనంలో చేసిన చిన్న తప్పులకి జీవితాంతం నేరస్తుడి ముద్ర వెయ్యొద్దు అన్న అర్థంలో చెప్పి అతని వైపు తీర్పిచ్చింది. 2016లో ముగ్గురు జడ్జీల బెంచ్ దాచడం తప్పే, కానీ చిన్న వయసు, చిన్న కేసు అయితే యజమాని దాన్ని పక్కన పెట్టొచ్చు అంది, నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనేం లేదని కూడా అంది. 2019లో సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కి ఎంపికైన ఇంకొకతని కేసులో, మైనర్ గా ఉన్నప్పటి కేసుని ఉద్యోగానికి అడ్డం పెట్టకూడదు అని తేల్చింది.

ఇలాంటి పిల్లాడు మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే ఈ ముక్కలు వాళ్ళకి చేరవెయ్యండి. నేరం జరిగిన రోజుకి పద్దెనిమిది నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్ళాలి, వయసు కాగితాలు మొదటి రోజే చూపించండి. 2015 చట్టం సెక్షన్ 24 ప్రకారం అక్కడ తేలిన కేసు వల్ల తర్వాత ఏ అనర్హతా రాకూడదు, అప్పీలు గడువు అయ్యాక రికార్డు కూడా తీసేయించాలి, పదహారు దాటి చాలా ఘోరమైన నేరంలో పెద్దవాళ్ళలా విచారించిన సందర్భం తప్ప. ఆర్డర్ కాపీ తీసుకుని దాచుకోండి. పద్దెనిమిది దాటినవాడైతే, ఫైన్ తో పోతుందని ఎవరు చెప్పినా లాయర్ని అడక్కుండా ఒప్పుకోవద్దు, రాజీకి వీలయ్యే కేసా, 1958 నాటి ప్రొబేషన్ చట్టం వర్తిస్తుందా అని అడగండి, ఆ చట్టంలో సెక్షన్ 12 శిక్ష వల్ల వచ్చే అనర్హత గురించే ఉంది. లాయరుకి డబ్బుల్లేకపోతే ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు. ఫోన్ నంబరు 15100.